అనంతాళ్వారు

పాకాల జంక్షనులో తిరుపతి రైలెక్కినవారికి కొంతదూరము మామిడితోపులు, చింతమ్రాకులు, బండరాళ్ల గుట్టలు కనబడుచుండును. చంద్రగిరి సమీపించుసరికి ఉత్తరదిక్కున కొండచరియలు గోడ కట్టినట్లు లేచి నిలుచును. అవియే శేషాచలపు కొండలు. ఆ కొండలమీద, సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల యెత్తున, తిరుమల క్షేత్రము కలదు. నేడు అచ్చటికి బస్సులు పోవుచున్నవి. మొదటి ఘాటురోడ్డు 1944వ సంవత్సరమున ఏర్పడినది. అంతకు పూర్వము యాత్రికులు కాలినడకను గాని, డోలీలలో గాని కొండ యెక్కుచుండిరి.

ఇక తొమ్మిదివందల సంవత్సరములకు పూర్వపు మాట చెప్పనేల? నాడు తిరుమల దట్టమైన అడవి నడుమ నుండెను. మార్గశిర పుష్యమాసములలో అక్కడి చలి ఎముకలను కొరుకును. క్రూరమృగముల భయము వేరు. దర్శనము చేసికొని పగటివేళనే దిగిపోవువారే గాని, అక్కడ కాపురముండ సాహసించువారు చాల తక్కువ. అట్టి కాలమున ఒక గృహస్థుడు భార్యను వెంటబెట్టుకొని ఆ కొండకు పోయి, గుడి వెనుకనున్న నేలను త్రవ్వి, చెరువు కట్టి, పూలతోట వేసెను. వేసిన పిదప బ్రదికినంతకాలము దానిని విడువలేదు. ఆయనయే అనంతాళ్వారు.

ఆయన పదునొకండవ శతాబ్దమున, కన్నడదేశములో శ్రీరంగపట్టణ ప్రాంతమున జన్మించెనని వైష్ణవుల గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. చిన్ననాటి పేరు అనంతుడు. విద్యార్థిదశలోనే రామానుజాచార్యుల కీర్తి విని, శ్రీరంగమునకు పోయి వారి శిష్యబృందమున చేరెను. రామానుజులు 1017 మొదలు 1137 వరకు జీవించిరని సంప్రదాయము. వారి మేనమామ తిరుమల నంబి అప్పటికే కొండమీద నివసించుచు, అభిషేకమునకు కావలసిన నీటిని దూరమునున్న పాపవినాశనమునుండి ప్రతిదినము మోసికొని వచ్చుచుండెను. నీటికి మనిషి కలడు. పూలకు మాత్రము మనిషి లేడు.

ఇది పెద్దలోపమే. వైష్ణవులు శ్రీరంగమును భోగమండపమనియు, కంచిని త్యాగమండపమనియు, తిరుమలను పుష్పమండపమనియు పిలుతురు. పుష్పమండపమున పూలమాల కట్టువాడు లేకుండుట రామానుజులకు ముల్లువలె గ్రుచ్చుకొనుచుండెను. ఒకనాడు శ్రీరంగమున శిష్యులకు నమ్మాళ్వారుల తిరువాయ్‌మొళికి అర్థము చెప్పుచుండిరి. తిరువేంగడమున దేవతలు సమర్పించిన పూలు రాలి చెదరియుండునను వర్ణన వచ్చెను. ఆచార్యుల కన్నులు చెమ్మగిల్లినవి. ఆ కొండకు పోయి తోట వేసి, దినదినము పూలమాలలు సమర్పింపగలవారు మీలో నెవరైన కలరా యని అడిగిరి.

సభ నిశ్శబ్దమయ్యెను. అందరును పండితులే, భక్తులే. కాని ఒకరికి కొండచలి భయము, ఒకరికి గురువును విడిచిపోవుట కష్టము. ఆ మౌనములో చివర కూర్చున్న అనంతుడు లేచి, తాను పోవుదునని చెప్పెను. రామానుజులు సంతోషించి, ఇంతమందిలో మగవాడవు నీవొక్కడవేయని మెచ్చుకొనిరట. అనంతుని పేరునకు మగవాడను అర్థముగల తమిళపదము చేరి, ఆయనకు అనంతాణ్‌పిళ్ళై యను పేరు ఏర్పడెను. తెలుగువారికి ఆయన అనంతాళ్వారు.

తిరుమల చేరిన పిదప అనంతాళ్వారు మొదట చేసినపని మొక్క నాటుట కాదు, చెరువు త్రవ్వుట. చిత్తూరుసీమవారికి దీని కారణము వేరుగ చెప్పనక్కరలేదు. ఈ ప్రాంతమున కార్తీకమాసపు వానలలో నీరు వాగులై పారును. చైత్రము వచ్చుసరికి గొంతు తడుపుకొనుటకు గూడ వెదకుకొనవలసివచ్చును. కురిసిన నీటిని నిలుపుకొననివానికి చెట్టు దక్కదు. ఆయన గునపముతో నేలను పెకలించుచుండగా, భార్య ఆ మంటిని తట్టకెత్తుకొని పోయి దూరముగ గట్టుమీద పోయుచుండెను. అప్పుడామె గర్భవతి.

ఇక్కడ ఒక కథ కలదు. ఒక బాలుడు ఆ దారిని వచ్చి, గర్భవతి మన్ను మోయుటను చూచి జాలిపడి, తాను తట్ట పట్టుదునని అడిగెను. అనంతాళ్వారు ఒప్పుకొనలేదు. ఈ పని గురువు తనకప్పగించినది, ఇతరులకు ఇందు పాలులేదని చెప్పి పంపివేసిరి. బాలుడు పోయినట్లు పోయి, త్రోవమలుపున చాటుగ నిలిచెను. ఆమె మలుపు తిరుగగానే తట్ట నందుకొని, తానే గట్టుకు మోసి, ఖాళీతట్ట తెచ్చి యిచ్చుచుండెను. భార్య త్వరత్వరగ తిరిగివచ్చుట చూచి భర్తకు అనుమానము కలిగెను. పోయి చూచెను. సంగతి తెలిసెను. పట్టరాని కోపముతో చేతిలోని గునపమును విసరగా, అది బాలుని గడ్డమునకు తగిలి నెత్తురు చిమ్మెను. బాలుడు పరుగెత్తి గుడిలో దూరి మాయమయ్యెను. అర్చకులు చూడగా శ్రీనివాసుని మూర్తి గడ్డమునుండి రక్తము కారుచుండెనట. అనంతాళ్వారు గుండెలు బాదుకొనుచు వచ్చి, గాయముమీద పచ్చకర్పూరము అద్దెను. నేటికిని స్వామి గడ్డమున కర్పూరము నుంచుచున్నారు. ఆ గునపము ఆలయ మహాద్వారమున, లోనికి పోవువారి కుడివైపున వ్రేలాడుచుండును. మీరెప్పుడైన పోయినచో తల యెత్తి చూడుడు. జనసమ్మర్దములో చాలమంది దానిని చూడకయే లోనికి పోవుదురు.

ఈ కథలో చరిత్ర యెంత, భక్తి యెంత యని విడదీయుట మన పని కాదు. ఒక్క సంగతి మాత్రము గమనింపవలెను. గర్భవతియైన భార్య మన్ను మోయుట ఆయనకు తప్పుగ తోచలేదు. పరాయిబాలుడు తట్ట పట్టుట తప్పుగ తోచెను. తోటమీది మమకారము ఆయన కన్నులను అంతగా కప్పివేసెను. కథ చెప్పిన పెద్దలు తమ గురువు దోషమును దాచలేదు. ఆ బాలుడే న్యాయము తెలిసినవాడని చెప్పుటకు వెనుదీయలేదు.

చెరువు నిండెను. దానికిని, తోటకును ఆయన తన పేరు పెట్టుకొనలేదు, గురువు పేరు పెట్టెను. అదియే రామానుజ నందనవనము. తోటలో అనేకజాతుల పూలమొక్కలు పెరిగినవి. కాని ఆయన కథలలోను, ఆ కొండ ఆచారములలోను మరల మరల కానవచ్చునవి మూడు: తులసి, సంపంగి, పొగడ.

తులసి అల్పాయువుగల మొక్క. కొన్ని సంవత్సరములకే కాండము మ్రానుబారి ఆకు తగ్గిపోవును. వెన్నులు ముదిరి విత్తు కట్టనిచ్చినచో ఇంకను త్వరగా క్షీణించును. కావున తులసిని పెంచువాడు ప్రతిదినము కొనలు గిల్లుచుండవలెను. గిల్లినకొలది ప్రక్కల క్రొత్తచిగుళ్లు వేయును. ఒకవైపు కోయుచు, ఒకవైపు నారు పోయుచు ఉన్ననేగాని తులసివనము నిలువదు. మాలకు ప్రతిదినము కావలసినది, ప్రతిదినము కోసిననే బాగుగ నుండునది యగుటచే, దేవునికిని తోటమాలికిని తులసి ఇష్టమగుటలో ఆశ్చర్యము లేదు. అనంతాళ్వారికి దాదాపు ఏడువందల యేండ్ల తరువాత, వాయల్పాటికి దగ్గరనున్న తరిగొండలో పుట్టిన వెంగమాంబ కూడ తిరుమల చేరి అక్కడ తులసివనము పెంచెను.

సంపంగి అట్టిది కాదు. అది మ్రాను. కొండగాలి, చల్లదనము దానికి ప్రీతి. పసిడివన్నె రేకులు విచ్చిన యుదయమున దాని వాసన దూరమునుండియే మనిషిని పిలుచును; మరునాటికి రేకులు గోధుమవన్నెకు తిరిగి వాడిపోవును. నేడు అంగళ్లలో దండలు కట్టుచున్న నేలసంపంగి వేరు, ఇది వేరు. నేలసంపంగియు, బంతిపూవును అమెరికాఖండమునుండి ఐరోపావారి ఓడలలో తరువాతికాలమున వచ్చినవి. అనంతాళ్వారు బంతిపూవును ఎరుగరు! ఆయన యెరిగినది ఈ మ్రానుసంపంగియే. కులశేఖరాళ్వారు ఆ కొండమీద పక్షిగానో, చేపగానో, సంపంగిమ్రానుగానో పుట్టిన చాలునని కోరుకొనెను. ఆలయములోని ఒక ప్రదక్షిణమార్గమునకు నేటికిని సంపంగి ప్రదక్షిణమనియే పేరు.

పొగడ మూడవది. పెరుగుదల మిక్కిలి మెల్లన. ఏడాదిపొడుగునను ఆకు రాలి బోసిపోదు. పూవు చిన్నది, మీగడవన్నె నక్షత్రము వంటిది. దానిని కొమ్మనుండి కోయనక్కరలేదు. రాత్రి విచ్చి వేకువకు తానే రాలును. పిల్లలు చెట్టుక్రింద ఏరి, నడుమనున్న రంధ్రమున దారము పోనిచ్చి దండ గ్రుచ్చుదురు. ఎండినను వాసన పోదు. నమ్మాళ్వారులకు వకుళాభరణుడని పేరు, వకుళమనగా పొగడ. శ్రీనివాసుని తల్లిగా కొలువబడు వకుళమాత పేరును అదియే. రాలిన పూల వర్ణన విని కన్నీరు పెట్టుకొన్న గురువునకు శిష్యుడైనవాడు, తానుగా రాలు పూలచెట్టుమీద మనసు పడుట సహజముగ నున్నది.

తిరుమలలో పూచిన పూవు దేవునికే చెందును. కొండమీద ఏ స్త్రీయు తలలో పూలు పెట్టుకొనదు. క్రిందినుండి పోవు మన ఆడబిడ్డలును ఈ ఆచారమును పాటింతురు. స్వామికి సమర్పించిన మాలలను భక్తులకు ప్రసాదముగ నిచ్చు వాడుక కూడ లేదు. పూర్వము వానిని ఆలయములోని పూలబావిలో వదలుచుండిరి. 2021వ సంవత్సరమునుండి తిరుమల తిరుపతి దేవస్థానమువారు వాడిన పూలతో అగరువత్తులు చేయించుచున్నారు.

తోటమాలి దినచర్య వేకువకు ముందే మొదలగును. మొగ్గ పూర్తిగ విచ్చకముందే కోయవలెను. కోసినదానిని పూలసజ్జలో వత్తుకొనకుండ పరచవలెను. పిదప అరటినారతో మాల కట్టి, తడి ఆరకుండ గుడికి చేర్చవలెను. ఉదయమున జరుగు తోమాలసేవలో ఆ మాలలు స్వామి భుజములనుండి పాదములవరకు అలంకరింపబడును. ఈ పనిలో గడియ ఆలస్యమైనను పూవు క్షమింపదు.

ఈ తొందరయే ఒకనాడు ఆయనకు పరీక్ష తెచ్చిపెట్టెను. అనంతాళ్వారు మాల కట్టుచుండగా, స్వామి రమ్మనుచున్నాడని గుడినుండి కబురు వచ్చెను. ఆయన కదలలేదు. మొగ్గలు విచ్చుచుండెను, చేతిలో మాల సగములో నుండెను. మాల ముగించి, సజ్జ నెత్తుకొని తీరికగ గుడికి పోయెను. స్వామి అర్చకుని ముఖమున, పిలిచిన వెంటనే రాకపోవుటకు కారణమడిగెను. మొగ్గలు విచ్చు సమయము దాటిపోవునని చెప్పెను. నా పిలుపుకంటె పూలు ముఖ్యమా, నిన్ను ఈ కొండనుండి పొమ్మన్నచో ఏమి చేయుదువని స్వామి అడిగెను.

ఇంకొకరైనచో కాళ్లమీద పడియుందురు. అనంతాళ్వారు నిదానముగ బదులు చెప్పిరి. ఈ కొండకు మీరును వైకుంఠమునుండి వచ్చినవారే. నాకంటె కొంచెము ముందు వచ్చితిరి, నేను కొంచెము వెనుక వచ్చితిని. నన్ను పంపినది నా గురువు, ఇచ్చిన పని పూలమాల. మిమ్ము సేవించుటకని మాల విడిచి వచ్చినచో, వచ్చి చేయునది ఏమున్నది? ఈ భావముతో ఆయన మాటలాడగా స్వామి మారుపలుకలేదట. వెళ్లగొట్టబడుదునేమో యను భయము ఆయనకు లేకపోలేదు. కొండ దిగవలసినచో తోటయు, గురువాజ్ఞయు రెండును పోవును. అయినను విచ్చుచున్న మొగ్గలకు ద్రోహము చేయలేకపోయెను.

మరియొకసారి పూలు కోయుచుండగా పాము కరచెను. తోడివారు మందునకై తొందరపెట్టిరి. ఆయన పుష్కరిణిలో మునిగి వచ్చి, ఎప్పటివలె పని చేసికొనుచుండెను. కారణమడిగినవారికి చమత్కారముగ బదులు చెప్పెను. అనంతుడనగా ఆదిశేషుడు గదా! కరచిన పాము బలమైనదైనచో విరజానదిలో స్నానముచేసి వైకుంఠమున సేవింతును, కరువబడిన పాము బలమైనదైనచో కోనేట స్నానముచేసి ఇక్కడనే సేవింతును అనెనట. కరువబడిన పామే గెలిచెను. విద్యార్థులు మాత్రము పాము కరచినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆ చమత్కారము అనంతాళ్వారికే చెల్లినది.

తోట ప్రసిద్ధికెక్కిన పిదప దానికి దొంగలు తగిలిరి. ప్రతిరాత్రి ఎవరో పూలు కోసికొని పోవుచుండిరి. అనంతాళ్వారు నిద్ర మాని పొంచియుండగా, రాజకుమారునివంటి యువకుడును, ఒక సుందరియు వచ్చి తోటలో విహరించుచు పూలు త్రుంచుట కనబడెను. ఆయన వెంబడించి ఆమెను పట్టుకొని, సంపంగిచెట్టునకు కట్టివేసెను. యువకుడు గుడికి అప్రదక్షిణముగ పరుగెత్తి చేజిక్కకపోయెను. తెల్లవారి చూడగా స్వామి వక్షమున లక్ష్మి లేదు. దొంగలెవరో అప్పుడు తెలిసెను. అనంతాళ్వారు వణకుచు తోటకు పోయి, అమ్మవారిని పూలసజ్జలో కూర్చుండబెట్టి, కన్నబిడ్డను అత్తవారింట దిగబెట్టినట్లు గుడికి తెచ్చి అప్పగించెను. నాటినుండి ఆయనను స్వామికి మామగారని చెప్పుకొందురు. గునపము విసరిన చేయియే ఈ సజ్జను మోసినది. మొదటి కథలోని కోపము ఇందులోను కలదు గాని, ఈసారి ఆయన నెత్తురు చిందింపలేదు. పట్టి చెట్టునకు కట్టుటతో ఆగెను.

కొంతకాలమునకు రామానుజులు తిరుమలకు వచ్చిరి. వృద్ధాప్యమున కొండ యెక్కి వచ్చిన గురువు నేరుగ తోటకు పోయి చూచిరి. తులసిమళ్లు, పూలచెట్లు, నీరు నిండిన చెరువు, మాలలు కట్టుచున్న శిష్యుడు. అనంతుని పెంచినందుకు ఫలము నేడు కంటినని వారు సంతోషించిరి. ఆనాడు సభలో మాటలాడక కూర్చున్న పండితులలో ఎందరు వెంటవచ్చి ఈ తోటను చూచిరో గాని, చూచినవారికి వేరుగ చెప్పవలసినది ఏమియు నుండదు.

అనంతాళ్వారు ముదుసలియై ఆ తోటలోనే దేహము చాలించిరి. పొగడచెట్టు రూపమున ఆయన అక్కడనే నిలిచెనని నమ్మకము. ఆ స్థలమును నేడు పురిశైవారి తోట యందురు. ఆయన వంశీయులు తిరుమలలో పుష్పకైంకర్యముతో సంబంధము విడువక తరతరములుగ ఉన్నారు.

బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు బాగ్‌సవారి యను ఉత్సవము జరుగును. బాగ్ అనగా ఉర్దూభాషలో తోట. పేరు తరువాతికాలమున వచ్చినదే గాని, కథ పాతది. ఆ సాయంకాలము ఉత్సవమూర్తి మామూలుగ తిరుగు దిక్కున గాక, నాటి రాత్రి పరుగెత్తినట్లే అప్రదక్షిణముగ అనంతాళ్వారి తోటకు పోయి తిరిగి గుడికి వచ్చును. ఆడిమాసమున పుబ్బనక్షత్రమునాడు, అనగా ఆండాళ్ తిరునక్షత్రమున, మలయప్పస్వామి దేవేరులతో కూడి పురిశైవారి తోటకు మరల వేంచేయును. అప్పుడు అర్చకులు స్వామివద్దనుండి పూలమాలను, హారతిని, శఠారిని తెచ్చి పొగడచెట్టునకు సమర్పింతురు.